పది పాసైన పాపం

నా పాస్‌పోర్టు పుస్తకంలో ఒక చోటు ఖాళీగా ఉండేది. ఆ ఖాళీని చూసుకుని నేను మురిసినంతగా ఎవరూ అందులోని తమ ఫొటోను చూసుకుని కూడా మురిసి ఉండరు.

మా బావ పాస్‌పోర్టులో అదే చోట ఒక ముద్ర ఉండేది. ఈసీఆర్ అని మూడక్షరాలు. ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్. పదో తరగతి పాసుకానివాడు దుబాయి, సౌదీ, కువైట్, ఖతర్, మలేషియా, ఇరాక్ లాంటి 18 దేశాల్లో దేనికైనా పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ఆఫీసు సరేననాలి. 1983 నాటి చట్టం పెట్టిన కట్టు అది. 2007లో ఆ గీతను పదో తరగతి దగ్గరికి దించారు. పది పాసైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు, ముద్రా ఉండదు. దాన్నే ఈసీఎన్నార్ అంటారు. బావ ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టి మళ్లీ ఆ గడప తొక్కనివాడు. నేను బీకాం కంప్యూటర్స్. సెకండ్ క్లాసే అనుకోండి, అయినా బీకాం బీకామే.

మాది జగిత్యాల జిల్లా, కోరుట్ల దగ్గర ఊరు. ఆడవాళ్లు బీడీలు చుడతారు, మగవాళ్లు దుబాయి పోతారు. మస్కటైనా, మనామా అయినా మాకు దుబాయే. మీసాలు రాకముందే పిల్లలకు కంపెనీ వీసా, ఆజాద్ వీసా, విజిట్ వీసా అన్న మాటలు తెలుస్తాయి. ఆజాద్ వీసా అంటే కాగితం మీద ఒక యజమాని ఉంటాడు, మనం ఎక్కడ పని దొరికితే అక్కడ చేసుకుంటాం. అలాంటి వీసా ఏ దేశపు చట్టంలోనూ లేదు, మా ఊళ్లో మాత్రం దానికో రేటు ఉంది. వీసా పోయి, కంపెనీ పోయి, అక్కడా ఇక్కడా తిరుగుతూ బతికేవాణ్ని ఖల్లివెల్లి అంటారు. అరబ్బులు 'పోనీలే' అనడానికి వాడే మాట అది. మా దగ్గర మనుషులకే పేరైపోయింది. ఇన్ని మాటలు తెలిసిన ఊళ్లో పుట్టి నేను చేసిన పని చెప్పుకోవడానికి ఏడెనిమిదేళ్లు పట్టింది.

2016లో బావ అబూధాబీకి పోతానన్నప్పుడు నాకు భలే కాలక్షేపమైంది. షట్టరింగ్ కార్పెంటర్ పని. హైదరాబాద్‌లో లైసెన్సున్న ఏజెన్సీ దగ్గరికి పోయాడు. వాళ్లు ట్రేడ్ టెస్టు పెట్టారు, అంటే చెక్కలూ మేకులూ ఇచ్చి పెట్టె కట్టమన్నారు. తర్వాత మెడికల్. తర్వాత కంపెనీ పంపిన కాంట్రాక్టు కాగితం ఎమిగ్రేట్ అనే సర్కారు వెబ్‌సైట్లోకి ఎక్కాలి, దాంట్లో జీతం, పని గంటలు, తిండి, గది అన్నీ రాసి ఉండాలి. ప్రవాసీ భారతీయ బీమా తీసుకోవాలి, రెండేళ్లకు 275 రూపాయలు. ప్రమాదంలో చచ్చిపోతే ఇంటికి పది లక్షలు. ఇదంతా అయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ మా అక్క వాళ్లింటికి పోయినప్పుడల్లా నేను అడిగేవాణ్ని:

"ఏమాయె బావా, సర్కారు నిన్ను ఇంకా లెక్కబెడ్తనే ఉందా?"

బావ నవ్వేవాడు. "చదువు రానోన్ని గద బామ్మర్ది, పైలంగ పంపుతున్నరు" అనేవాడు. అందులో వ్యంగ్యం లేదు. నేనే వెతుక్కుని, దొరక్క, ఇంకా గర్వపడ్డాను.

మరుసటి ఏడు నా వంతు వచ్చింది. బస్టాండు పక్కన జిరాక్సు షాపులో ఒకాయన కూర్చునేవాడు. ఆయనకు లైసెన్సు లేదని ఊరందరికీ తెలుసు. ఉండాలని మాత్రం ఎవరికీ తోచలేదు. నా పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి, ఆ ఖాళీ చోటు దగ్గర ఆగి, "మీది ఈసీఎన్నార్ కదా సార్, క్లియరెన్సులు గిలియరెన్సులు చదువు రానోళ్లకు. మీరు వారంల ఎగురుతరు" అన్నాడు.

సార్ అన్నాడు. నేను పడిపోయింది అక్కడే.

షార్జాలో టైల్స్ కంపెనీ. అకౌంట్స్ సెక్షన్. నెలకు 2,000 దిర్హాములు, గది ఉచితం. ముందు విజిట్ వీసా మీద పోవాలి, పోయాక కంపెనీ దాన్ని మారుస్తుంది. 85,000 రూపాయలు. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన ఫీజుకు సర్కారు పెట్టిన హద్దు ముప్పై వేలు, ఆపైన జీఎస్టీ. ఈ సంగతి తిరిగొచ్చాక తెలిసింది. తెలిసినా ఇచ్చేవాణ్నేమో. తక్కువ తీసుకునేవాడు గొప్ప పని చేయలేడని నమ్మే రకం నేను.

ఇక్కడొక మాట చెప్పాలి. ఆయన చెప్పింది పచ్చి అబద్ధమైతే నేనూ అంత తేలిగ్గా మునిగేవాణ్ని కాదు. విజిట్ మీద పోయినవాడికి అక్కడ ఉద్యోగం దొరికి, ఆ కంపెనీ వర్క్ పర్మిట్ తీస్తే, వీసా మార్చుకోవడానికి ఆ దేశపు నిబంధనలు ఒప్పుకుంటాయి. అలా స్థిరపడ్డవాళ్లు మా మండలంలోనే ఉన్నారు. పర్మిట్ చేతికొచ్చేదాకా పనిలో చేరకూడదు, చేరితే కంపెనీదీ తప్పే, మనదీ తప్పే. జిరాక్సు షాపాయన మొదటి వాక్యం చెప్పి రెండోది మింగాడు. నేను మొదటిది విని రెండోది అడగలేదు.

డబ్బు బాపు తెచ్చాడు, నూటికి మూడు రూపాయల వడ్డీకి. "కాయిదం మంచిగ చూసుకున్నవ్ కదరా?" అన్నాడు. బీకాం చదివినవాణ్ని కాగితం చూసుకున్నావా అని అడుగుతాడా! రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

తర్వాత చిలుకూరు పోయాను. అమెరికా పోయే పిల్లలందరూ బాలాజీ గుడి చుట్టూ 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, వీసా వచ్చాక 108 చేస్తారు. నేనూ 11 చేశాను. మూడో రోజే వాట్సాప్‌లో వీసా వచ్చింది. అంత త్వరగా వచ్చేసరికి దేవుడి మహిమేననుకున్నాను. విజిట్ వీసా ఎవరికైనా మూడు నాలుగు రోజుల్లోనే వస్తుందని, దానికి దేవుణ్ని కష్టపెట్టక్కర్లేదని తెలియదు. మళ్లీ బస్సెక్కి పోయి, లెక్క తప్పకుండా అంకెలు అచ్చేసిన కార్డు ఒకటి పట్టుకుని, ఒక్కో చుట్టుకూ పెన్నుతో ఒక్కో గడి కొట్టేసుకుంటూ 108 పూర్తి చేశాను. నా ముందు నడుస్తున్న కుర్రాడు హెచ్‌1బీ అన్నాడు. నేను "దుబాయి, అకౌంట్స్" అన్నాను. విజిట్ వీసాకు 108 చుట్లు తిరిగిన భక్తుణ్ని ఆ గుడి నన్నొక్కణ్నే చూసి ఉంటుంది.

వీసా కాగితాన్ని ఎన్నిసార్లు చదివానో! రంగుల ప్రింటు తీయించి, ఇంటిపేరులో ఎన్ అక్షరం రెండుసార్లు పడిందా, పుట్టిన తేదీ సరిగ్గా ఉందా, పాస్‌పోర్టు నంబరులో సున్నా ఎక్కడ, ఓ ఎక్కడ, అన్నీ వేలు పెట్టి చూశాను. పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే విమానం ఎక్కనివ్వరని ఎవరో చెప్పారు. కాగితం పైభాగంలో, పేరు కంటే పెద్ద అక్షరాల్లో, అది ఏ రకం ప్రవేశమో, ఎన్ని రోజులకో రాసి ఉంది. 90 రోజులు. దాన్ని హెడ్డింగు కింద జమకట్టి వదిలేశాను. ప్రశ్నపత్రం మీద యూనివర్సిటీ పేరు ఎవరు చదువుతారు?

2017 అక్టోబరు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఏం చెప్పాలో జిరాక్సు షాపాయన ముందే బట్టీ పట్టించాడు. ఇమిగ్రేషన్ కౌంటర్లో ఆఫీసరు అడిగాడు, ఎందుకు పోతున్నారని.

"బుర్జ్ ఖలీఫా చూడ్డానికి."

"ఎన్ని రోజులు?"

"తొంభై."

ఆయన తలెత్తి నన్ను చూశాడు. ఒక గోపురం చూడ్డానికి మూడు నెలలు. నా చేతిలో పారదర్శకమైన ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో పైకే కనబడుతూ మూడేళ్ల మార్కుల మెమోలు. కాళ్లకు ఇంటర్వ్యూ కోసం కొన్న నల్లబూట్లు. ఆయన ఏదో అనబోయి, పాస్‌పోర్టు తిప్పి, ఆ ఖాళీ చోటు చూసి, ముద్ర కొట్టేశాడు. చదువుకున్నవాడు, ఏం చేస్తున్నాడో వాడికే తెలుస్తుందనుకున్నాడేమో. ఆ పూట ఆయన నన్ను వెనక్కి పంపి ఉంటే జీవితాంతం ఆయన్ని తిట్టుకుంటూ సుఖంగా బతికేవాణ్ని.

కంపెనీ అంటే ఇండస్ట్రియల్ ఏరియాలో రేకుల గోడౌను. అకౌంట్స్ సెక్షన్ ఉంది, అందులో ఒక మలయాళీ ఉన్నాడు, ఆయన పదకొండేళ్లుగా ఉన్నాడు, ఇంకో పదకొండేళ్లు ఉండేలాగే కనిపించాడు. నాకు లోడింగు ఇచ్చారు. "వీసా మారేదాకా" అన్నారు. టైల్స్ డబ్బా ఒక్కోటి ముప్పై కిలోల దాకా తూగుతుంది, అంచులు అరచేతిని కోస్తాయి. గదిలో తొమ్మిది మందిమి, నల్లుల్ని లెక్కలోకి తీసుకోకుండా. మొదటి నెల 900 దిర్హాములు చేతిలో పెట్టి, మిగతాది వీసా ఖర్చుకు కోత అన్నారు. వీసా ఎప్పుడని అడిగితే "బుక్రా" అన్నారు. బుక్రా అంటే రేపు. నాకు వచ్చిన మొదటి అరబ్బీ మాట అదే. చాలాకాలం దానితోనే నెట్టుకొచ్చాను.

ఇంటికి ఫోన్ చేసి "అకౌంట్స్‌ల పని బాగుంది, ఏసీ గది" అన్నాను. ఏసీ ఉన్నమాట నిజమే. అది పనిచేస్తుందని నేననలేదు.

ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం గోడౌను గేటు దగ్గర ఎవరో "చెకింగ్!" అని అరిచారు. లేబర్ ఇన్‌స్పెక్టర్లు. విజిట్ మీదున్నవాణ్ని పనిలో పెట్టుకుంటే అప్పట్లో కంపెనీకి మనిషికి 50,000 దిర్హాముల జరిమానా ఉండేది. సూపర్‌వైజరు నన్నూ, ఇద్దరు బంగ్లాదేశీ కుర్రాళ్లనూ వెనక వరుసలోకి తోశాడు. డబ్బాల గుట్టకూ గోడకూ మధ్య జానెడు సందు. మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చున్నాను. కళ్లకు బెత్తెడు దూరంలో ఒక డబ్బా. దాని మీద అచ్చులో మోర్బీ, గుజరాత్, మేడ్ ఇన్ ఇండియా అని ఉంది. సైజు, రంగు, డబ్బాలో ఎన్ని పలకలు, బరువెంత, అన్నీ ఉన్నాయి. దానికి ఇన్వాయిసు ఉంటుంది, రేవులో కస్టమ్స్ వాళ్లు చూసి వదిలి ఉంటారు, దారిలో పగిలితే బీమా డబ్బులొస్తాయి. అది దర్జాగా ఉద్యోగానికి వచ్చింది. దాని వెనక దాక్కున్న బీకాం మాత్రం బుర్జ్ ఖలీఫా చూడ్డానికి వచ్చాడు. అంత ఉక్కపోతలోనూ నాకు నవ్వొచ్చింది. పక్కనున్న కుర్రాడు భయపడి నా నోరు నొక్కాడు.

అప్పుడు గుర్తొచ్చాడు బావ. ఆయన కాంట్రాక్టు ఒక సర్కారు కంప్యూటర్లో ఉంది. జీతం ఎగ్గొడితే ఇదిగో రాశారు కదా అని చూపించడానికి ఒక కాగితం ఉంది. ఆయన పడిపోతే అడిగేవాళ్లున్నారు. నా కోసం అడగడానికి ఏ దేశపు రికార్డులోనూ నేను పనివాణ్ని కాదు. ఆ ఖాళీ చోటుకు అర్థం మీకు చెక్ అక్కర్లేదు అని. దాన్ని మేము మిమ్మల్ని పట్టించుకోం అని కూడా చదువుకోవచ్చని ఆ సందులో కూర్చున్నాక తెలిసింది.

జనవరిలో వీసా గడువు తీరింది. పదిరోజుల వెసులుబాటూ తీరింది. మరుసటి వారం సూపర్‌వైజరు ఇక రావద్దన్నాడు. పాస్‌పోర్టు మాత్రం నా దగ్గరే ఉంది. దాన్ని లాక్కుని దాచుకునేంత శ్రద్ధ కూడా వాళ్లకు నా మీద లేదు. ఖల్లివెల్లినయ్యాను. కార్లు కడిగాను, సామాన్లు మోశాను, ఒక హోటల్లో ఉల్లిపాయలు కోశాను. పోలీసు బండి కనబడితే దుకాణంలో దూరి అక్కర్లేని వస్తువు ధర అడిగేవాణ్ని. బీకాం ఒక్కదానికి పనికొచ్చింది. గడువు దాటిన ప్రతి రోజుకూ అప్పట్లో 100 దిర్హాముల జరిమానా ఉండేది. రోజూ పడుకునే ముందు క్యాలెండరు వెనక దాన్ని కూడేవాణ్ని. తప్పు రాకుండా కూడటమే నేను ఆ దేశంలో చేసిన అకౌంట్స్ పని.

బావ అబూధాబీ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా పనిలో ఉన్నానని పెట్టేసేవాణ్ని. రెండు గంటల బస్సు దూరంలో సొంతమనిషి ఉండి కూడా పది నెలలు దాక్కున్నాను. ఇన్‌స్పెక్టర్ల నుంచి దాక్కున్నదానికంటే ఎక్కువ. వాళ్లు పట్టుకుంటే జైలు. బావ పట్టుకుంటే నా బీకాం పోయేది.

2018 ఆగస్టు ఒకటి నుంచి యూఏఈ సర్కారు క్షమాభిక్ష ప్రకటించింది. వీసా లేనివాళ్లు జరిమానా కట్టకుండా ఇంటికి పోవచ్చు, లేదా కాగితాలు సరిచేసుకుని ఉండొచ్చు. బక్రీదు ముందు శుక్రవారం నా గది తలుపు తెరిస్తే ఎదురుగా బావ. ఎవరు చెప్పారో ఇప్పటికీ చెప్పడు. చేతిలో ఒక స్టీలు టిఫిను, చొక్కా జేబులో నీలం పెన్ను. గది చూశాడు, నా చేతులు చూశాడు. నేను క్యాలెండరు వెనక్కి తిప్పి చూపించాను, ఎందుకో. 209 రోజులు, 20,900 దిర్హాములు. రూపాయి పడిపోతున్న రోజులు, దిర్హాముకు పందొమ్మిది లెక్కన నాలుగు లక్షలకు కొంచెం తక్కువ.

బావ దాన్ని చాలాసేపు చూశాడు. "లెక్క మంచిగ రాసినవ్" అన్నాడు. తర్వాత టిఫిను విప్పాడు. పచ్చి పులుసు.

తర్వాత ఒక రోజు పని మానుకుని నన్ను దుబాయిలో అల్ అవీర్ కేంద్రానికి తీసుకుపోయాడు. పెద్ద పెద్ద గుడారాలు, కూలర్లు, వరసలు. మన కాన్సులేట్ బల్ల ఒకటి. పాస్‌పోర్టు లేక ఔట్‌పాస్ కోసం వచ్చినవాళ్లలో మా జిల్లా యాస వినబడుతూనే ఉంది. కౌంటర్లో అమ్మాయి అడిగింది, పోతావా, ఉంటావా అని. ఉంటే ఉద్యోగం వెతుక్కోవడానికి ఆర్నెల్ల తాత్కాలిక వీసా ఇస్తారు. పాఠకులు నమ్మరు గాని, నాకు మళ్లీ ఆశ పుట్టింది. ఆర్నెల్లు! డిగ్రీ ఉంది! నోరు తెరవబోయాను. బావ నా ఫోల్డరు తీసుకుని, "గీ సర్టిఫికెట్ల మీద ఎంబసీ ముద్రలేవి?" అన్నాడు. నేను అటెస్టేషన్ చేయించలేదు. మన సర్కారు ముద్ర, ఢిల్లీలో విదేశాంగ శాఖ ముద్ర, యూఏఈ ఎంబసీ ముద్ర లేకపోతే ఆ డిగ్రీని చూపించి మంచి ఉద్యోగానికి వర్క్ పర్మిట్ తెచ్చుకోవడం కష్టం. ఈ సంగతి షట్టరింగ్ కార్పెంటరుకు తెలుసు. వాళ్ల కంపెనీలో ఇంజినీర్ల కాగితాలు రోజూ చూస్తాడట.

"పోతా" అన్నాను. ఎగ్జిట్ పర్మిట్‌కు 220 దిర్హాములు. బావే కట్టాడు. నేనింకా తిరిగి ఇవ్వలేదు.

ఎయిర్‌పోర్టుకు పోతుంటే టాక్సీ కిటికీలోంచి బుర్జ్ ఖలీఫా కనిపించింది, దుమ్ములో సగం మునిగి. "గదేనా నువ్వు చూడొచ్చింది?" అన్నాడు బావ. అంత కాలంలో ఆయన నన్ను అన్న మాట అదొక్కటే. శంషాబాద్ ఎయిర్‌పోర్టు సంగతి ఆయనకెవరు చెప్పారో అది కూడా తెలియదు.

ఊరికి వచ్చిన రెండు మూడు నెలలకు పేపర్లో ఒక వార్త చూశాను. ఈసీఎన్నార్ వాళ్లు కూడా ఆ 18 దేశాలకు పనికి పోయేముందు ఎమిగ్రేట్‌లో పేరు నమోదు చేసుకోవాలని, 2019 జనవరి నుంచి అది తప్పనిసరని కేంద్రం చెప్పింది. చదివి లేచి నిలబడ్డాను. నెల తిరక్కముందే అభ్యంతరాలు వచ్చాయి, దాన్ని ఆపేశారు. ఇష్టమున్నవాళ్లు చేసుకోవచ్చన్నారు. మాకెందుకీ తనిఖీ అన్నవాళ్ల మీద కోపం తెచ్చుకోవడానికి చాలా ప్రయత్నించాను, రాలేదు. సంవత్సరం ముందైతే అందరికంటే గట్టిగా అరిచేది నేనే.

బాపు తెచ్చిన అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది. ఇప్పుడు కోరుట్లలో ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తున్నాను. అనుభవజ్ఞుణ్నని పేరు పడ్డది. టీ కొట్టు దగ్గర కుర్రాళ్లు ఫోన్లు చాపి "అన్నా, ఈ వీసా చూడవా" అంటారు. ఏజెంటు లైసెన్సు నంబరు ఎమిగ్రేట్‌లో వెతికి చూపిస్తాను. హైదరాబాద్‌లో విదేశాలకు పనికి పంపే సర్కారు వారి సంస్థే టామ్‌కామ్ అని ఉంది, ముందు అక్కడ అడగండిరా అంటాను. విజిట్ మీద పోయి పనిచేయకండిరా అంటాను. కొంచెం పెద్దమనిషినైనట్టు కూడా ఉంటుంది. మాట దాచను, నాకది బాగుంటుంది.

పోయిన దసరాకు అక్క వాళ్లింటికి పోయాను. బావ తిరిగొచ్చేశాడు, నడుము నొప్పి. మేనల్లుడు ఇంజినీరింగు అయిపోయి ఖాళీగా ఉన్నాడు. వాడు ఫోన్ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"మామా, వీసా వచ్చింది. జర చూడు, అంతా కరెక్టేనా?"

కళ్లద్దాలు పెట్టుకున్నాను. వేలితో పెద్దది చేసి, జరిపి జరిపి చూశాను. వాళ్ల ఇంటిపేరు. పుట్టిన తేదీ. పాస్‌పోర్టు నంబరు, ఒక్కో అంకె.

"అన్నీ సరిగ్గనే ఉన్నయిరా" అన్నాను.

బావ వెనక నుంచి వంగి, నా భుజం మీదుగా చెయ్యి చాపి, తెర మీద అన్నిటికంటే పైనున్న వరుస మీద వేలు పెట్టాడు.

"బామ్మర్ది, గీడ ఏమని రాసుంది?"